ఒక చీనీ తోటలో పసుపు మొజాయిక్ జాడ పట్టిన తీరు

నేను పండ్ల తోటల తెగుళ్ళ మీద పనిచేస్తాను. ఈ కేసు అనంతపురం జిల్లాలోని ఒక చీనీ తోటది. కోస్తాలోనూ తెలంగాణలోనూ బత్తాయి అనే సాత్గుడి రకమే ఇది. రైతు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మండలం, నర్సరీల పేర్లు, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పసుపు మొజాయిక్ వైరస్ జబ్బు. వైరస్ అనగానే తోటలో మొదట వచ్చే ప్రశ్న ‘ఏ మందు కొట్టాలి’ అని. ఈ తోటలో ఆ ప్రశ్నకే మూడేళ్ళు గడిచిపోయాయి. జబ్బు చెట్లు ఏయే సాళ్ళలో ఉన్నాయి, ఆ మొక్కలు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చాయి అని అడిగాకే దారి దొరికింది.

నేపథ్యం

తోట ఆరెకరాలు, ఎర్ర నేల, రెండు బోర్లు, డ్రిప్పు. ఇరవై అడుగుల ఎడంలో 22 సాళ్ళు, సాలుకు 30 చెట్లు, మొత్తం 660. అన్నీ రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన సాత్గుడి అంట్లే. మొదటి 14 సాళ్ళు (పెద్ద తోట) ఒక నర్సరీ నుంచి ఒకే లారీలో వచ్చాయి. మిగతా ఎనిమిది సాళ్ళు (చిన్న తోట) మరుసటి ఏడు ఇంకో నర్సరీ నుంచి తెచ్చి నాటారు. నేను చూసేనాటికి పెద్ద తోట వయసు ఏడేళ్ళు. కలుపు లేదు, పాదులు శుభ్రంగా ఉన్నాయి, ఎరువుల లెక్క నోటు పుస్తకంలో రాసి ఉంది. సాకుడు సరిగా లేక తోట పాడైందని ఎవరూ అనలేరు. సాకుడు బాగున్న తోటలోనే ఆకు పసుపు తిరగడం నన్ను మొదటినుంచీ ఆలోచింపజేసింది.

సమస్య

నాలుగో ఏట కొన్ని చెట్ల ఇగురు పసుపు తిరిగింది. మందుల దుకాణంలో జింకు లోపమన్నారు. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేటు, తర్వాత ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు అన్నీ కలిపిన మిశ్రమం, ప్రతి ఇగురుకూ కొట్టారు. కొన్ని చెట్లు కొంత తేరుకున్నాయి. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. మన ఎర్ర నేలల్లో, సున్నపు నీళ్ళలో జింకు లోపం నిజంగానే ఉంటుంది. లోపం ఉన్నంత మేర మందు పనిచేసింది. దాంతో మిగతాది కూడా మందుకే తగ్గుతుందన్న నమ్మకం ఏర్పడింది.

ఐదో ఏట బాగా పసుపుగా ఉన్న పాతిక చెట్లు పీకి, మొదటి నర్సరీ నుంచే మొక్కలు తెచ్చి ఖాళీలు నింపారు. మిగిలిన ఐదు మొక్కల్ని చిన్న తోటలోని ఖాళీల్లో పెట్టారు. ఆరో ఏడాది మళ్ళీ కొత్త చెట్లు పసుపు తిరిగాయి. జబ్బు తోటంతా పాకిపోతోందని రైతుకు భయం పట్టుకుంది. ఎవరో గ్రీనింగ్ తెగులు అన్నారు, ఎవరో తోట మొత్తం కొట్టెయ్యమన్నారు.

“సార్, జింకు కొట్టీ కొట్టీ చేతులు పోయినాయి. ఒక చెట్టు తిరుక్కుంటే రెండు చెట్లు పండుబారుతాయి. ఉంచమంటారా, కొట్టేయమంటారా?” ఫోన్లో ఆయన నన్నడిగిన మొదటి మాట ఇదే.

జబ్బు చెట్ల కాయ చిన్నది, తోలు మందం, రసం తక్కువ. మార్కెట్లో గ్రేడు పడిపోతోంది. పక్కనే ఉన్న పచ్చని చెట్టు మాత్రం నిండుగా కాస్తోంది.

ఆకు చూసి ఎంతవరకు చెప్పవచ్చు

పసుపు ఆకులన్నీ దూరానికి ఒకేలా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. జింకు లోపంలో కొత్త ఆకు సన్నగా, చిన్నదిగా వస్తుంది. ఈనెల మధ్య పసుపు నడిమి ఈనెకు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇనుము లోపంలో ఈనెలు సన్నని పచ్చ వలలా మిగిలి ఆకంతా పాలిపోతుంది. మెగ్నీషియం లోపం ముదురాకుల్లో కనిపిస్తుంది, తొడిమ దగ్గర మాత్రం పచ్చని మూల మిగులుతుంది. గ్రీనింగ్ వైరస్ కాదు, సిల్లా పురుగు మోసుకొచ్చే బ్యాక్టీరియా. అందులో ఆకు ఎడమ సగానికీ కుడి సగానికీ పొంతన లేని మచ్చలు వస్తాయి.

ఈ తోటలో పొద్దుటి ఎండకు ఎదురుగా ఒక ఆకు పట్టుకుని చూశాం. సైజు మామూలుగానే ఉంది, ఎక్కడా సన్నబడలేదు. లేత పసుపు మరకలు గట్టి అంచులతో అక్కడక్కడా పడి ఉన్నాయి. పక్క ఈనెల వెంబడి సన్నని పసుపు చుక్కలు వరసగా మెరుస్తున్నాయి. అదే కొమ్మకు మూడు ఆకుల కింద ఒక ఆకు పూర్తిగా పచ్చగా ఉంది. పోషక లోపం ఇలా ఆకు ఆకుకూ మారదు.

నాకు అంతకంటే బలంగా అనిపించిన ఆధారం ఇంకొకటి ఉంది. ఒకే డ్రిప్పు పైపు, ఒకే నేల, ఒకే ఎరువు; ఒక చెట్టు పసుపు, దాని రెండు వైపులా ఉన్నవి ముదురు పచ్చ. నేల లోపమైతే గరుసు ఉన్న చోటో, నీళ్ళు నిలిచే చోటో నాలుగు చెట్లు కలిసి పాలిపోవాలి. ఇక్కడ తేడా నేలలో లేదు, మొక్కలోనే ఉంది.

లక్షణాలు పసుపు మొజాయిక్ వైరస్‌కు సరిపోయాయి. ఇది మనకు కొత్త జబ్బు కాదు. 1975లోనే ఆంధ్రప్రదేశ్ చీనీ తోటల నుంచి, అంటు ద్వారా సోకే జబ్బుగా దీన్ని నమోదు చేశారు. 1996లో దీనికి కారణం బాడ్నా జాతి వైరస్ అని తేలింది. జన్యు పదార్థం డీఎన్ఏ. అంటు ద్వారా, పిండి నల్లి ద్వారా వ్యాపిస్తుంది. పదేళ్ళ చెట్లలో దిగుబడి 77 శాతం దాకా పడిపోయిన నమోదు ఉంది. అయినా ఆకు చూసి పేరు పెట్టేసి చెట్టు నరికించే పని నేను చెయ్యను. జింకు లోపం, వైరస్ రెండూ ఒకే చెట్టులో ఉండగలవని ఈ తోటలోనే కనబడుతోంది.

ముందు పటం, తర్వాత పరీక్ష

రైతు వెంటనే పది ఆకులు ల్యాబుకు పంపుదామన్నారు. అంతకు ముందు వేసవిలో ఆయనే నాలుగు చెట్ల ముదురాకులు పాలిథిన్ కవర్లో పంపి గ్రీనింగ్ పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. చెట్లకు జబ్బే లేదని తెలిసినవాళ్ళు ఆ కాగితం చూసి చెప్పారు. గ్రీనింగ్ లేదన్న కాగితం గ్రీనింగ్ గురించే చెబుతుంది. పది ఆకులు పంపితే మళ్ళీ అలాంటి కాగితమే ఇంకొకటి వస్తుంది. పేరు తెలుస్తుంది, తోటలో ఏం జరుగుతోందో తెలియదు. అందుకని ముందు పటం గీద్దామన్నాను.

వానలు పడి కొత్త ఇగురు ఆకు విచ్చుకుని కాస్త ముదిరిన సమయం ఎంచుకున్నాం. ఎండాకాలంలో గట్టిపడిన ఆకుల్లో ఈ మరకలు సరిగా కనబడవు. ప్రతి చెట్టుకూ సాలు నంబరు, చెట్టు నంబరు రాసిన రేకు బిళ్ళ కట్టాం. గళ్ళ కాగితం మీద గడికి ఒక చెట్టు. ఖచ్చితంగా మొజాయిక్ కనబడితే ఎరుపు, అనుమానమైతే పసుపు, బాగుంటే పచ్చ. రైతు, ఆయన కొడుకు, నేను విడివిడిగా చూసి గుర్తులు పెట్టి తర్వాత సరిపోల్చాం. ముగ్గురికీ కుదరని చెట్టు అనుమానం కిందకే వెళ్ళింది.

పెద్ద తోటలో, అంటే 420 చెట్లలో, 84 ఎరుపు. సుమారు 50 అనుమానం. చిన్న తోటలోని 240 చెట్లలో ఎరుపు ఐదే.

ఆ ఐదూ ఎక్కడున్నాయో చూసి రైతే లేచి నిలబడ్డారు. “ఇవి మనం నింపిన మొక్కలే కదా సార్!” ఐదో ఏట మొదటి నర్సరీ నుంచి తెచ్చి, మిగిలితే ఇటు పెట్టిన ఐదు మొక్కలూ అవే. వాటి చుట్టూ ఉన్న రెండో నర్సరీ చెట్లు పచ్చగా ఉన్నాయి. పెట్టెలోంచి పాత బిల్లులు తీసి తేదీలు సరిచూసుకున్నాం. జబ్బు ఇక్కడికి గాలిలోనో పురుగుతోనో రాలేదు, లారీలో వచ్చిందన్న అనుమానం అప్పుడే గట్టిపడింది.

అనుమానం ఒక్కటీ చాలదు కనుక లెక్క వేశాం. పురుగు ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకు మోసి ఉంటే జబ్బు చెట్లు పక్కపక్కనే గుంపులుగా ఉండాలి. నర్సరీలో కలిసిపోయిన మొక్కలతో వస్తే సాలులో ఎక్కడపడితే అక్కడ ఉండాలి. దీన్ని కొలవడానికి తేలికైన దారి ఉంది. సాలు వెంట నడుస్తూ జబ్బు, ఆరోగ్యం ఎన్నిసార్లు మారుతున్నాయో చూసి, వరస ముక్కలు (ఒకే రకం చెట్లు వరసగా ఉన్నంత మేర ఒక ముక్క) ఎన్నో లెక్కపెట్టాలి. 30 చెట్ల సాలులో ఆరు జబ్బువి ఏ క్రమమూ లేకుండా ఉంటే సగటున 10.6 ముక్కలు వస్తాయి. పెద్ద తోటలో చాలా సాళ్ళకు 9 నుంచి 12 మధ్యే వచ్చింది. అంటే చెదురుమదురుగా ఉన్నాయి, గుంపు కట్టలేదు.

నాలుగో సాలు మాత్రం తేడాగా ఉంది. అందులో తొమ్మిది ఎరుపు చెట్లు. క్రమం లేకుండా ఉంటే 13.6 ముక్కలు రావాలి, వచ్చినవి ఐదే. ఐదో సాలులోనూ అదే చోట నాలుగు చెట్లు కలిసి ఉన్నాయి. వెళ్ళి చూస్తే అది పంపు షెడ్డు మూల. కొమ్మల పంగల్లో తెల్లని పిండి నల్లి, వాటి చుట్టూ బారులు తీరిన చీమలు. తోటలో జబ్బుకు రెండు దారులున్నాయి. పెద్ద దారి అంటు మొక్కలది, చిన్న దారి ఆ మూలన పిండి నల్లిది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే తర్వాత తీసుకున్న ఏ నిర్ణయమూ సరిగా ఉండేది కాదు.

పరీక్షలు

660 చెట్లనూ పరీక్షించే ఖర్చు ఏ రైతూ భరించలేడు. మొదట మా కంటిచూపు ఎంత నమ్మదగిందో తేల్చుకోవాలనుకున్నాం. పెద్ద తోటలో ఎరుపువి 20, అనుమానంవి 20, పచ్చవి 20 చెట్ల ఆకులు తీశాం. చెట్టుకు నాలుగు దిక్కులా, అప్పుడే ముదిరిన ఆకులు, తొడిమతో సహా. కాగితం కవర్లలో పెట్టి ఐస్ డబ్బాలో పంపాం. పసుపు మొజాయిక్, గ్రీనింగ్, ట్రిస్టిజా (పేనుబంక మోసే ఇంకో వైరస్) మూడింటికీ పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) అడిగాం.

ఎరుపు ఇరవైలో 19 మొజాయిక్ పాజిటివ్. మిగిలిన ఒక్కదాన్ని ల్యాబు వాళ్ళు మళ్ళీ చేశారు. చీనీ జాతి ఆకుల్లో ఉండే ఫినాలిక్ పదార్థాలు డీఎన్ఏతో కలిసిపోయి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ఈ ఇబ్బందికి సోడియం సల్ఫైట్ వాడి డీఎన్ఏ తీసే పద్ధతిని 2003లో ప్రచురించారు. ఆ పద్ధతిలో తీస్తే ఇరవయ్యోదీ పాజిటివే వచ్చింది. కళ్ళకు స్పష్టంగా జబ్బు కనబడుతుంటే ల్యాబు లేదన్నప్పుడు మళ్ళీ అడగాలి.

అనుమానం ఇరవైలో 8 పాజిటివ్. ఏ మచ్చా లేని పచ్చని ఇరవైలో 3 పాజిటివ్. ఈ మూడూ నాకు చాలా విలువైన ఫలితాలు. కంటికి కనబడని జబ్బు తోటలో ఇంకా చాలా ఉందని అర్థం.

గ్రీనింగ్ ఒక్క చెట్టులోనూ లేదు. ట్రిస్టిజా మాత్రం 22 చెట్లలో వచ్చింది. రైతుకు మళ్ళీ టెన్షన్ పట్టుకుంది. ట్రిస్టిజా పేరుకు ఉన్న చరిత్ర అలాంటిది. 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్ తోటల్ని ఊడ్చేసింది, 1957 నుంచి స్పెయిన్‌లోనూ లక్షల చెట్లు పోయాయి. కానీ అక్కడ చెట్లు చచ్చింది పుల్ల నారింజ వేరు మీద కట్టినందుకు. రంగపూర్ నిమ్మ వేరు దాన్ని తట్టుకుంటుంది. పైగా మా లెక్కలో ట్రిస్టిజా ఎరుపు చెట్లలో 7, అనుమానంలో 8, పచ్చని చెట్లలో 7. పసుపుకూ దానికీ సంబంధం ఉంటే ఎరుపు వాటిలో ఎక్కువ, పచ్చని వాటిలో తక్కువ ఉండాలి. అందుకే ఆ 22 పాజిటివ్‌ల మీద ఏ చెట్టూ తీయలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను. గట్టు పక్క ఎకరంలో కాగడి నిమ్మ వేయాలని ఆయన ఆలోచన. నిమ్మకు ఏ వేరు అక్కర్లేకుండానే ట్రిస్టిజా నేరుగా తగులుతుంది. ఈనెలు పాలిపోతాయి, బెరడు వలిస్తే కట్టె మీద సన్నని గుంటలు కనబడతాయి. పేనుబంక ఈ తోటలోంచి అటు మోస్తుంది. నిమ్మ ఆలోచన మానుకోమన్నాను, మానుకున్నారు.

ఇప్పుడు దాగి ఉన్న జబ్బు చెట్లను పట్టాలి. పెద్ద తోటలో ఎరుపు కానివి 336. ఖర్చు తగ్గించడానికి కొన్ని చెట్ల ఆకులు కలిపి ఒకే పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన గుంపునే విడగొట్టి చూడొచ్చు. ఐదేసి కలుపుదామని ల్యాబు సూచన. నూటికి పదిహేను చెట్లకు జబ్బు ఉందనుకుంటే ఐదేసి గుంపుల్లో సగానికి పైగా పాజిటివ్ వస్తాయి, విడగొట్టే పని పెరిగిపోతుంది. మూడేసి కలిపితే పదింటికి నాలుగే పాజిటివ్ వస్తాయి, మొత్తం ఖర్చు పావు వంతుకు పైగా తగ్గుతుంది. అందుకని పెద్ద తోటకు మూడేసి, జబ్బు తక్కువున్న చిన్న తోటకు ఐదేసి కలపమన్నాను. ముందుగా ఒక జబ్బు ఆకును నాలుగు మంచి ఆకులతో కలిపి, ఆ పలచనలోనూ వైరస్ దొరుకుతోందని నిర్ధారించుకున్నాం.

పెద్ద తోటలో ఇంకో 52 చెట్లు బయటపడ్డాయి. మొత్తం 136, దాదాపు మూడో వంతు. చిన్న తోటలో 60 చెట్లు 12 గుంపులుగా చూస్తే అన్నీ నెగటివ్. ఆ తోటకు జబ్బే లేదని రైతుకు రాసివ్వలేదు. 60లో ఒక్కటీ రాకపోయినా, నూటికి ఐదు దాకా చెట్లు మన చేతికి చిక్కకుండా ఉండే వీలు లెక్క ప్రకారం ఉంది. ‘ఇప్పటికి దొరకలేదు, ఏటా చూద్దాం’ అని చెప్పాను.

ఫలించనివి

పసుపు కొమ్మలు కత్తిరించి చూశారు. వైరస్ చెట్టంతా పాకి ఉంటుంది కాబట్టి కొత్త ఇగురు మళ్ళీ పసుపుగానే వచ్చింది. పైగా అదే కత్తెర చెట్టు చెట్టుకూ తిరిగింది. వైరస్‌కు మందు అని దుకాణంలో అమ్మిన సీసాల వల్ల ఖర్చు తప్ప ఏమీ ఒరగలేదు.

మధ్యలో డ్రోను ఎగరేసి తోట ఫొటోలు తీసే వాళ్ళొచ్చారు. రంగుల పటం చాలా బాగుంది. మా గళ్ళ కాగితం పక్కన పెట్టి చూస్తే ఎర్రగా చూపిన చోట్లు రెండు గరుసు పట్టీలు, ఒకటి డ్రిప్పర్లు మూసుకుపోయిన సాలు. మొజాయిక్ చెట్లలో చాలా వాటిని ఆ పటం పచ్చగానే చూపింది. పై నుంచి ఆకుల గుబురు పచ్చదనం కొలవగలం, ఒక్కో ఆకు మీది మరకల తీరు కాదు. డ్రిప్పు బాగుచేసుకోవడానికి పనికొచ్చింది, వైరస్ జాడకు పనికిరాలేదు.

అన్నింటికంటే నష్టం చేసింది, ఐదో ఏట పీకి నాటిన పని. పీకిన పాతికా కంటికి కనబడినవి. కనబడనివి అలాగే ఉండిపోయాయి. వాటి చోట పెట్టిన మొక్కల్లోనూ కొన్ని అదే జబ్బుతో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి కొత్త చెట్లు పసుపు తిరిగితే జబ్బు వేగంగా పాకుతోందనిపించింది. ఆ భయంతోనే తోట మొత్తం కొట్టేసే దాకా వచ్చింది.

ఏం చేశాం, ఎందుకు

136 చెట్లూ ఒకేసారి తీసేద్దామా? గ్రీనింగ్ అయి ఉంటే తీసేయమనే చెప్పేవాణ్ణి. సిల్లా ఎగిరి పోతుంది, తోటలో ఒక్క జబ్బు చెట్టు కూడా పక్కవాటికి ప్రమాదమే. ఇక్కడ పటం వేరేగా చెబుతోంది. ఏడేళ్ళయినా, షెడ్డు మూల తప్ప, జబ్బు చెట్టు పక్క చెట్టు పచ్చగానే ఉంది. పిండి నల్లి రెక్కలు లేని పురుగు, చీమలు మోస్తేనో కొమ్మలు తాకితేనో కదులుతుంది. దాన్ని అదుపులో పెడితే మనకు సమయం ఉంది.

కాబట్టి చెట్లను రెండు రకాలుగా చూశాం. షెడ్డు మూల గుంపు మొత్తం తీసేశాం. కాపు దాదాపు లేని చెట్లూ తీశాం. కాస్తున్న జబ్బు చెట్లకు మొదలు దగ్గర ఎర్ర రంగు పట్టీ వేసి ఉంచాం. ఒక్కో పంట అయ్యాక ఆ చెట్టు ఖర్చుకు తగ్గ కాయ ఇచ్చిందా అని చూసి నిర్ణయం. ఎర్ర పట్టీ చెట్టు నుంచి ఎవరు అడిగినా అంటు పుల్ల ఇవ్వకూడదు. ఇది రైతుకు కష్టమైన షరతు, ఎందుకంటే ఊళ్ళో వాళ్ళు పుల్లలు అడుగుతూనే ఉంటారు. నిలబడ్డారు.

తీసేముందు పిండి నల్లికి మందు కొట్టించాం, లేకపోతే చెట్టు ఎండేకొద్దీ పురుగు పక్కకు పాకుతుంది. మొదలు నరికి వదిలేస్తే రంగపూర్ నిమ్మ వేరు మళ్ళీ చిగురేస్తుంది, ఆ చిగురులోనూ వైరస్ ఉంటుంది. అందుకని వేళ్ళతో సహా జేసీబీతో పెరికించి తగలబెట్టాం. చీమల పుట్టలు తవ్వించి, మొదళ్ళకు జిగురు పట్టీలు చుట్టి, నేలను తాకే కొమ్మలు తీయించాం. మిగిలిన పిండి నల్లి మీదకు క్రిప్టోలీమస్ అక్షింతల పురుగుల్ని వదిలాం. అవి ఉన్నన్ని రోజులు ఘాటు మందులు ఆపాం. పచ్చ చెట్లకు ఒక కత్తెర, ఎరుపు వాటికి ఒకటి, చెట్టు చెట్టుకూ మధ్య ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ముంచడం. జింకు మిశ్రమం మానలేదు, లోపం నిజంగా ఉంది కదా. కానీ ఎన్నిసార్లు కొట్టాలన్నది ఇప్పుడు ఆకు పరీక్ష చూసి నిర్ణయిస్తున్నారు.

మరుసటి ఏడు అదే ఇగురుకు, అదే కాగితం పట్టుకుని మళ్ళీ సాళ్ళు తిరిగాం. కొత్తగా 17 చెట్లు పసుపు చూపించాయి. కాగితం లేకపోతే ఇది కూడా వ్యాప్తి అనే అనుకునేవాళ్ళం. జాబితాతో సరిచూస్తే 15 చెట్లు అంతకుముందు పరీక్షల్లోనే పాజిటివ్ వచ్చినవి. వాటిలో వైరస్ నాటిన రోజు నుంచే ఉండి ఉండాలి, ఆకు ఇప్పుడు చూపించింది. నిజంగా కొత్తవి రెండే, రెండూ ఐదో సాలులో, తీసేసిన గుంపు అంచున. ఆ రెండూ తీశాం. ఆ తర్వాతి ఇగురులో జాబితాలో లేని చెట్టు ఒక్కటీ రంగు మారలేదు. తోట కొట్టేయాలన్న మాట మళ్ళీ రాలేదు.

నర్సరీ దాకా

జాడ పట్టడం తోట గట్టు దగ్గర ఆగిపోతే సగం పనే. మొదటి నర్సరీ యజమానిని కలిశాం. తిట్టడానికి రాలేదని తెలిశాక ఆయన సహకరించారు. ఆయనకు సొంత తల్లిచెట్లు లేవు. బాగా కాసే ఒక తోటలో కొన్ని చెట్ల నుంచి పుల్లలు కోసి కళ్ళు (మొగ్గలు) కట్టేవారు. ఒక పుల్లకు పదీ పదిహేను కళ్ళు వస్తాయి. ఒక్క చెట్టుకు జబ్బుంటే ఆ సీజనులో వందల మొక్కలకు ఎక్కుతుంది. తర్వాత అన్నీ కలిపి కట్టలు కట్టి లారీ ఎక్కిస్తారు. పొలంలో జబ్బు చెట్లు అక్కడొకటి అక్కడొకటిగా ఉండటానికి కారణం ఇదే. ఆ తల్లిచెట్లలో కొన్ని పాజిటివ్ వచ్చాయి. అందులో ఒకటి మేం చూసిన రోజు పచ్చగా, విరగగాసి ఉంది. దాని కళ్ళను సాత్గుడి గింజ మొక్కలకు కట్టి నీడ వలలో ఉంచితే కొన్ని నెలలకు ఆ మొక్కల ఇగురులో మొజాయిక్ బయటపడింది. నర్సరీ ఆయనకు ల్యాబు కాగితం కంటే ఈ మొక్కలే నమ్మకం కలిగించాయి.

వైరస్ లేని తల్లిచెట్లు తయారుచేసుకునే దారి యాభై ఏళ్ళ కిందటే దొరికింది. మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతులంత కొన మొగ్గను సూక్ష్మదర్శిని కింద కోసి లేత మొక్కకు అంటుకట్టే పద్ధతిని 1970లలో కాలిఫోర్నియాలో అభివృద్ధి చేశారు. స్పెయిన్ తన చీనీ జాతి తోటలను మళ్ళీ నిలబెట్టుకున్నది ఆ మొక్కలతోనే. మన దగ్గర నాగ్‌పూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఈ పద్ధతి వాడుతోంది. ఆ నర్సరీ ఆయన ఇప్పుడు పరీక్షించిన తల్లిచెట్లను వలలో విడిగా పెంచుతున్నారు.

మొక్కలు కొనేముందు

ఈ తోటకు వచ్చిన లారీలో మూడో వంతు మొక్కలకు జబ్బుంది. దించుకునే ముందు ఏవో పది మొక్కల ఆకులు తీసి, ఐదేసి కలిపి రెండే రెండు పరీక్షలు చేయించి ఉంటే, నూటికి 98 పాళ్ళు దొరికిపోయేది. జబ్బు నూటికి ఐదే ఉన్న లాటును నూటికి 95 పాళ్ళు పట్టాలంటే 60 మొక్కలు, 12 పరీక్షలు కావాలి. ఏడేళ్ళు సాకే ఖర్చు ముందు ఇది పెద్దదేమీ కాదు. మొక్క కొనేటప్పుడు నర్సరీని అడగాల్సినవి: కళ్ళు ఏ చెట్ల నుంచి తీశారు, ఆ చెట్లను ఏ జబ్బులకు పరీక్షించారు, ఏ సంవత్సరంలో. ‘ఆకు పచ్చగా ఉంది చూడండి’ అన్నది జవాబు కాదు. కొన్నాక ఏ సాలు ఏ లాటుదో రాసి, బిల్లు దాచుకోవాలి. మా పటంలో పసుపు, పచ్చ గడుల కంటే ఎక్కువ పనికొచ్చింది ఆ బిల్లులే.

తీసేసిన చెట్ల చోట నాటడానికి ఈ రైతు నిరుడు రెండు నర్సరీల నుంచి మొక్కలు ఎంచుకుని, ఆకులు ల్యాబుకు పంపి, ఫలితం వచ్చే దాకా అడ్వాన్సు ఇవ్వలేదు. ఒక లాటులో ఒక గుంపు పాజిటివ్ వచ్చింది. ఆ లాటు వద్దని చెప్పి, రెండో దాని నుంచే తెచ్చుకున్నారు. సాలు నంబరు, చెట్టు నంబరు బిళ్ళలు నాటిన రోజే కట్టారు.